పేరు మిగిలింది, బూటు పోయింది

"కంపెనీకి అసలు ఆస్తి దాని పేరే. ఫ్యాక్టరీ తగలబడినా, మనుషులంతా మానేసినా, పేరు ఒక్కటి మిగిలితే చాలు, మళ్ళీ అన్నీ కట్టుకోవచ్చు."

మన ఆఫీసుల్లో ఏ మేనేజ్‌మెంట్ ట్రైనింగులో కూర్చున్నా ఈ సూక్తి ఏదో ఒక స్లైడులో తగులుతుంది. చెప్పేవాడు గంభీరంగా చెప్తాడు, వినేవాళ్ళు అంతకంటే గంభీరంగా తలాడిస్తారు, ఆ తర్వాత సమోసాలొస్తాయి. ఎవరూ అడ్డం తిరిగి "ఏదీ, ఒక్క ఉదాహరణ చూపించు బాబూ" అని అడగరు.

నేనంటాను, ఈ సూక్తి పచ్చి అబద్ధం. అబద్ధమే కాదు, ప్రమాదకరమైన అబద్ధం. ఎందుకంటే దీన్ని నమ్మినవాడు ముందుగా వదిలించుకునేది పని తెలిసిన మనుషుల్ని. దీన్ని కాదనడానికి పెద్ద పెద్ద ఎకనమిక్స్ పుస్తకాలు అక్కర్లేదు. కాలిఫోర్నియాలో స్కేట్‌బోర్డ్ తొక్కే కుర్రాళ్ళ బూట్ల చరిత్ర, ఆ బూట్ల పెట్టెల్లో ఊరికే పడేసే స్టిక్కర్ల చరిత్ర చాలు.

"స్కేట్‌బోర్డా? మనకెందుకయ్యా ఆ గోల" అంటారేమో. నిజమే, మనలో చాలామందికి ఆ పేర్లు పరిచయమయింది కాళ్ళతో కాదు, వేళ్ళతో. హాస్టల్లో టోనీ హాక్ ప్రో స్కేటర్ గేము ఆడిన బాపతు మనం. కానీ ఇప్పుడు కాస్త మీ ల్యాప్‌టాప్ మూత చూసుకోండి. దాని మీద అంటించిన పెంగ్విన్ బొమ్మ, కాన్ఫరెన్సులో ఎవడో చేతిలో పెట్టిన స్టార్టప్ లోగో... ఊరికే ఇచ్చిన బొమ్మని అంటించుకుని "నేను ఫలానా జట్టు" అని చాటుకునే ఆ అలవాటుని మనకంటే చాలా ముందే ఒక కళగా మార్చింది ఆ కుర్రాళ్ళే. కాబట్టి ఈ కథ మనది కూడా.

అసలు స్టిక్కరంటే ఏమిటి

1970ల్లో, 80ల్లో స్కేట్‌బోర్డ్ వ్యాపారమంటే పెద్ద వ్యాపారమేం కాదు. టీవీలో ప్రకటనలిచ్చే డబ్బు ఎవరి దగ్గరా లేదు. థ్రాషర్ లాంటి పత్రిక (1981లో మొదలయింది), ఊరికో చిన్న దుకాణం, ఆ దుకాణంలో గల్లాపెట్టె పక్కన స్టిక్కర్లు. అంతే ప్రచారం.

ఆ స్టిక్కర్లు గీసినవాళ్ళు సామాన్యులు కాదు. శాంటా క్రూజ్ కంపెనీకి జిమ్ ఫిలిప్స్ 1985లో గీసిన "అరిచే చెయ్యి" బొమ్మ చూడండి. తెగిన నీలం చెయ్యి, అరచేతి మధ్యలో నోరు. ఒకసారి చూస్తే మర్చిపోలేరు. పావెల్ పెరాల్టా కంపెనీకి వెర్నన్ కోర్ట్‌లాండ్ జాన్సన్ గీసిన ఎముకలూ పుర్రెలూ ఇంకో సంప్రదాయం. తర్వాత స్టీవ్ రోకో 1987లో మొదలెట్టిన వరల్డ్ ఇండస్ట్రీస్‌కి మార్క్ మెక్కీ గీసిన కార్టూన్లు. వినైల్ మీద స్క్రీన్ ప్రింటింగులో అచ్చేసినవి కావటం వల్ల ఆ పాత స్టిక్కర్లలో రంగు వేలికి తగులుతుంది, పెళ్ళి శుభలేఖ మీద అక్షరాలు తగిలినట్టు.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. స్టిక్కరుకి ఖరీదు దాదాపు లేదు. దాని విలువంతా అది ఎవరి బోర్డు మీద ఉంది అన్నదాంట్లోనే. వీధిలో అందరికంటే బాగా తొక్కే కుర్రాడి బోర్డు మీద ఒక స్టిక్కరుంటే, చూసినవాడికి "ఓహో, వీడు ఈ బూట్లు వేసుకుంటాడన్నమాట" అని అర్థం. అంటే స్టిక్కరు సొంతంగా ఏమీ చెప్పదు. ఒక హామీని చూపిస్తుంది. ఆ హామీ నిలబడినంతకాలమే దాని విలువ. ప్రోగ్రామర్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, స్టిక్కరు వట్టి పాయింటరు. చూపించే చోట ఏదో ఉంటేనే దానికి అర్థం.

బూటుకి పరీక్ష

మరి ఆ హామీ ఏమిటి? ఇక్కడ కాస్త బూటు సంగతి మాట్లాడుకోవాలి.

స్కేట్‌బోర్డ్ పైభాగమంతా కాలు జారకుండా ఉప్పు కాగితం లాంటి గరుకు టేపు అంటిస్తారు. ఆలీ అని ఒక విద్య ఉంది. చేత్తో పట్టుకోకుండా బోర్డుతో సహా గాల్లోకి లేవడం. 1970ల చివర్లో ఫ్లోరిడా కుర్రాడు అలాన్ గెల్ఫాండ్ కనిపెట్టాడు. అది చెయ్యాలంటే వెనక కాలితో తోకని నేలకేసి కొట్టి, ముందు కాలి పక్కభాగాన్ని ఆ ఉప్పు కాగితం మీద బర్రున పైకి ఈడ్వాలి. రోజుకి వందసార్లు. ఇప్పుడు చెప్పండి, ఏ బూటు ఆగుతుంది? చిటికెన వేలు పక్కన బొక్క పడుతుంది. మామూలు బూటు వారాల్లో చిరుగుతుంది. కాన్వాసు ముందు పోతుంది, స్వెడ్ తోలు కాస్త ఆగుతుంది. అడుగు మందంగా ఉంటే దెబ్బ తగలదు గానీ బోర్డు కాలికి తెలియదు, పలచగా ఉంటే బోర్డు తెలుస్తుంది గానీ మడమ పగులుతుంది. ఈ రెండింటి మధ్య బేరమే ఈ బూట్ల ఇంజనీరింగంతా.

అంటే ఈ బూటుని కొన్నవాడే దాని టెస్టర్. వాడు అబద్ధం చెప్పడు, చెప్పలేడు. కాలికి బొక్క కనపడుతూనే ఉంటుంది కదా.

వాన్స్ కథ అక్కడే మొదలయింది. 1966 మార్చి 16న కాలిఫోర్నియాలోని అనహైమ్‌లో పాల్ వాన్ డోరెన్, తమ్ముడు జిమ్, ఇంకో ఇద్దరు భాగస్వాములు కలిసి వాన్ డోరెన్ రబ్బర్ కంపెనీ తెరిచారు. వెనక ఫ్యాక్టరీ, ముందు కొట్టు. మొదటిరోజు పన్నెండు మంది వచ్చారు. కొట్లో ఉన్నవి నమూనాలే. పొద్దున ఆర్డరు తీసుకుని, కుట్టి, సాయంత్రానికి చేతికిచ్చారు. చిల్లర పెట్టుకోవడం మర్చిపోయి, డబ్బులు రేపివ్వండి అని పంపించేస్తే, అందరూ తిరిగొచ్చి ఇచ్చి వెళ్ళారట. మన ఊళ్ళో కిరాణా కొట్టు ఖాతాకీ దీనికీ పెద్ద తేడా లేదు.

వాళ్ళు స్కేటర్ల కోసం ఆ బూటు చెయ్యలేదు. రబ్బరు అడుగు మందంగా, జిగటగా ఉండటంతో బోర్డుని పట్టుకుంటోందని స్కేటర్లే దాన్ని వెతుక్కుంటూ వచ్చారు. నిజానికి స్కేట్‌బోర్డ్ బూటు అని చెప్పి ముందు అమ్మింది వాన్స్ కాదు. అంతకుముందే, 1965లో, పాల్ పాత యజమానులైన మసాచుసెట్స్ రాండాల్ఫ్ రబ్బర్ వాళ్ళు "రాండీ 720" అని ఒకటి అమ్మారు. ఇవాళ ఆ పేరు ఎవరికీ గుర్తులేదు. వాన్స్ నిలబడటానికి కారణం ఒక్కటే, వచ్చినవాడి మాట వినడం. ఒక కాలి బూటే అరిగిందా? ఒక్క బూటే అమ్ముతాం, జత కొననక్కర్లేదు అన్నారు. ఏ ఎంబీయే ఒప్పుకుంటాడండీ దీనికి? 1976లో టోనీ ఆల్వా, స్టేసీ పెరాల్టా వచ్చి మడమ చుట్టూ మెత్త కావాలంటే పెట్టారు. ఇవాళ "ఎరా" అని అమ్మే మోడల్ అదే.

అన్నిటికంటే నాకిష్టమైన కథ హాఫ్ క్యాబ్‌ది. 1989లో స్టీవ్ కబాలెరో పేరుతో వాన్స్ ఓ ఎత్తు బూటు తెచ్చింది. కొద్దిరోజులకే కుర్రాళ్ళు దాన్ని కొని, పైభాగం కత్తెరతో కోసేసి, అంచుకి టేపు చుట్టుకుని వాడటం మొదలెట్టారు. చీలమండ కదలడానికి అడ్డం వస్తోందని. కబాలెరో ఇది చూశాడు. "నా బూటు పాడుచేస్తున్నారు" అని ఏడవలేదు. కంపెనీకి వెళ్ళి, వాళ్ళు కోసుకుంటున్న చోటే మనమే కోసి అమ్మితే పోలా అన్నాడు. 1992లో హాఫ్ క్యాబ్ వచ్చింది. ఇప్పటికీ వస్తోంది. యూజరు మన సాఫ్ట్‌వేర్‌ని అడ్డదిడ్డంగా వాడుతుంటే అది బగ్గు కాదు, స్పెసిఫికేషన్ అని చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం నేను చూడలేదు.

పేరు, పని విడాకులు

ఇప్పుడు అసలు గొడవకి వద్దాం.

ఎయిర్‌వాక్ అని ఒక కంపెనీ. 1986లో కాలిఫోర్నియాలోనే పుట్టింది. టోనీ హాక్ అంతటివాడు ఆ బూట్లు వేసుకున్నాడు. 1993లో అమ్మకాలు 1.6 కోట్ల డాలర్లు. 1994లో 4.4 కోట్లు. 1995లో 15 కోట్లు. 1996లో 17.5 కోట్లు. ఈ లెక్కలు మాల్కమ్ గ్లాడ్‌వెల్ 2000లో రాసిన "ది టిప్పింగ్ పాయింట్" పుస్తకంలోవి. చదవకపోయినా ఆ పుస్తకం పేరు మన మేనేజర్లందరికీ నోటికొచ్చు. వాళ్ళు చెప్పే భాగం పైకెక్కిన కథ. చెప్పని భాగం కిందపడిన కథ. అదీ ఆ పుస్తకంలోనే ఉంది.

జరిగిందేమిటంటే, మొదట్లో ఎయిర్‌వాక్ చిన్న స్కేట్ దుకాణాలకి ప్రత్యేకంగా వేరే మోడళ్ళు ఇచ్చేది. కాస్త మేలురకం, పెద్ద మాల్స్‌లో దొరకనివి. తర్వాత ఆ తేడా తీసేసింది. అందరికీ ఒకటే బూటు. అప్పటిదాకా "ఇవి వేసుకోండి" అని ఊళ్ళోవాళ్ళకి చెప్పిన చిన్న దుకాణంవాడికి, చెప్పడానికి కారణం పోయింది. దాంతోపాటు వినడానికి కంపెనీకి ఒక చెవి పోయింది. మాల్‌లో కొన్నవాడు బూటుకి బొక్క పడిందని వచ్చి చెప్పడు, ఎందుకంటే వాడు బోర్డెక్కడు.

మాల్‌లో కొనటం తప్పని నేననడం లేదు. స్కేటింగ్ రానివాడు ఆ బూట్లు వేసుకోకూడదనే మడి నాకు లేదు. వేసుకోనివ్వండి, బాగుంటాయి. తప్పు వేసుకున్నవాడిది కాదు. వాడి డబ్బు వస్తోంది కదా అని, బోర్డెక్కేవాడి మాట వినడం మానేసిన కంపెనీది.

తర్వాత ఎయిర్‌వాక్ పేరు చేతులు మారింది. 2007లో పేలెస్ అనే చౌక చెప్పుల దుకాణాల గొలుసు, ఆ పేరు ఉన్న లైసెన్సింగ్ సంస్థని కొనేసింది. 2014లో ఆ పేరు అథెంటిక్ బ్రాండ్స్ గ్రూప్ అనే న్యూయార్క్ సంస్థకి వెళ్ళింది.

ఈ అథెంటిక్ బ్రాండ్స్ పేరు గుర్తుపెట్టుకోండి. వీళ్ళు బూట్లు కుట్టరు. వీళ్ళ వ్యాపారం పేర్లు కొనడం. కొన్న పేరుని అద్దెకిస్తారు. ఈ దేశంలో బూట్లకి ఒకడు, ఆ దేశంలో టీషర్టులకి ఇంకొకడు, స్కూలు సంచులకి మరొకడు. పేరు మీద అద్దె వీళ్ళకి. ఖాళీ ఇంటికి అద్దె వసూలు చేసినట్టు. "అథెంటిక్" అంటే అసలైనది అని అర్థం. పేరు పెట్టినవాడికి హాస్యప్రియత్వం ఉందని ఒప్పుకోవాలి :)

డీసీ షూస్ సంగతి చూడండి. 1994లో కెన్ బ్లాక్, డేమన్ వే మొదలెట్టారు. పదేళ్ళకి, 2004లో, క్విక్‌సిల్వర్ కొంది. 2015లో క్విక్‌సిల్వర్ దివాలా కోర్టుకెక్కింది. 2017లో బోర్డ్‌రైడర్స్ అని పేరు మార్చుకుంది. 2023లో ఆ బోర్డ్‌రైడర్స్‌ని ఎవరు కొన్నారో చెప్పుకోండి? మన అథెంటిక్ వారే. డీవీఎస్ అని ఇంకోటి. 1995 నాటిది. 2012లో దివాలా తీస్తే సీక్వెన్షియల్ బ్రాండ్స్ అనే పేర్ల వ్యాపారి కొన్నాడు. 2021లో ఆ వ్యాపారే దివాలా! పేరే ఆస్తి అన్న సూక్తి నిజమైతే, ఒట్టి పేర్లే ఆస్తిగా పెట్టుకున్న కంపెనీ దివాలా ఎలా తీసింది మహాశయా?

2025 ఫిబ్రవరిలో ఇంకో ముచ్చట. క్విక్‌సిల్వర్, బిల్లబాంగ్, వోల్కమ్ పేర్లని అద్దెకి తీసుకుని అమెరికాలో దుకాణాలు నడిపిన లిబరేటెడ్ బ్రాండ్స్ అనే సంస్థ దివాలా దాఖలు చేసింది. వందకి పైగా దుకాణాలు మూత. ఉద్యోగాలు పోయింది దుకాణాల్లో నిలబడేవాళ్ళకి. పేర్లు మాత్రం పదిలంగా ఉన్నాయి, వేరే అద్దెదారుకి వెళ్ళాయి. పేరు ఆస్తే. కాకపోతే ఎవరి ఆస్తి అన్నదే ప్రశ్న.

నైకీ నేర్చుకున్న పాఠం

"చిన్న కంపెనీల్ని నైకీ మింగేసింది" అని ఒక ఏడుపు ఉంది. సగమే నిజం.

నైకీ 1990ల్లో స్కేటర్లకి బూట్లు అమ్మబోయి బోల్తాపడింది. డబ్బుంది, ప్రకటనలున్నాయి, పేరుంది. ప్రపంచంలో అంతకంటే పెద్ద పేరు బూట్లలో లేదు. అయినా కొనలేదు. చూశారా, పేరే సర్వస్వమైతే ఇది జరగకూడదు. పైగా కన్సాలిడేటెడ్ అనే చిన్న బోర్డుల కంపెనీ నైకీ నినాదాన్ని తిరగేసి "చెయ్యొద్దు" అని స్టిక్కర్లేసి పంచింది. పేరు బలం మీద వచ్చినవాడికి స్టిక్కరు బలంతో జవాబు.

2002లో నైకీ మళ్ళీ వచ్చింది. ఈసారి శాండీ బోడెకర్ అనే మనిషికి అప్పగించారు. ఆయన చేసిన పని చాలా మామూలు పని. మాల్స్‌కి ఇవ్వకుండా చిన్న స్కేట్ దుకాణాలకే ఇచ్చాడు. పాత డంక్ బూటు తీసుకుని, నాలుకకి మెత్త, లోపల మడమకి గాలి తిత్తి, స్కేటర్లు ఏం అడిగితే అది పెట్టాడు. నలుగురు స్కేటర్ల చేత రంగులు ఎంపిక చేయించాడు. అంటే ఎయిర్‌వాక్ పారేసిన పాఠాన్ని నైకీ ఏరుకుని జేబులో వేసుకుంది. చిన్నవాడు చిన్నతనం మర్చిపోయిన చోట, పెద్దవాడు దాన్ని నేర్చుకున్నాడు. మింగేసింది నిజమే, కానీ నోట్లోకి నడిచి వెళ్ళింది ఎవరు?

తర్వాత నైకీ కథ కూడా మలుపు తిరిగిందనుకోండి. 2005లో న్యూయార్క్‌లో పావురం బొమ్మ డంక్ కోసం దుకాణం ముందు తొక్కిసలాట, పోలీసులు. ఆ బూట్లలో ఎన్ని బోర్డెక్కాయంటారు? పెట్టెలోంచే బయటికి రాలేదు చాలావరకు.

పాతబొమ్మల సంత

ఇప్పుడు స్టిక్కర్ల దగ్గరికి మళ్ళీ. ఒకప్పుడు ఊరికే ఇచ్చిన ఆ పాత స్టిక్కర్లకి ఇవాళ వేలంపాటలు. అంటించకుండా, వెనక కాగితం ఊడకుండా, ప్లాస్టిక్ కవర్లో ఉంటేనే ధర. అంటిస్తే సున్నా. వింత కాదూ? అంటించడానికే పుట్టిన వస్తువు, తన పని చేస్తే విలువ పోతుంది, చెయ్యకపోతే పెరుగుతుంది. ఉపయోగపడటమే లోపమైపోయింది.

సేకరించేవాళ్ళ మీద నాకు కోపం లేదు. జిమ్ ఫిలిప్స్ బొమ్మని భద్రపరచడం మంచి పనే. ఎవరో ఒకరు దాచకపోతే ఆ కళ మనదాకా వచ్చేది కాదు. నా కోపం వాళ్ళ వెనకే వచ్చే పేర్ల వ్యాపారుల మీద. కంపెనీ పోయింది, గీసినవాడు ఎక్కడో ఉన్నాడు, తొక్కినవాడి మోకాళ్ళు అరిగిపోయాయి. బొమ్మ మాత్రం "1980ల నాటి వారసత్వం" అని మళ్ళీ అచ్చై చౌక టీషర్టు మీదకొస్తుంది. వారసత్వం ఎవరి నుంచి ఎవరికి?

ఈ బొమ్మల యాజమాన్యం ఎంత తమాషాగా ఉంటుందో చూడండి. 1994లో న్యూయార్క్‌లో జేమ్స్ జెబియా సుప్రీమ్ అనే స్కేట్ దుకాణం తెరిచాడు. ఎర్ర పెట్టెలో తెల్ల అక్షరాలు. అది బార్బరా క్రూగర్ అనే చిత్రకారిణి శైలి. ఆవిడ గీసిందే వస్తుమోహాన్ని వెక్కిరించడానికి! ఆ శైలిని తీసుకున్న సుప్రీమ్, 2013లో తన లోగోని వెక్కిరించిందని ఒక చిన్న బట్టల సంస్థ మీద కోటి డాలర్ల దావా వేసింది. ఆ సుప్రీమ్‌ని 2020లో వాన్స్ యజమాని అయిన వీఎఫ్ కార్పొరేషన్ 210 కోట్ల డాలర్లకి కొని, నాలుగేళ్ళు తిరక్కుండా 2024లో కళ్ళజోళ్ళ కంపెనీ ఎస్సిలార్‌లగ్జోటికాకి 150 కోట్లకి అమ్ముకుంది. అరవై కోట్ల డాలర్లు హరీమన్నాయి. పేరు చెక్కుచెదరలేదు సుమా.

దీనికి ఎదురుగా ఒక మంచి ఉదాహరణ. 1989లో షెపర్డ్ ఫెయిరీ అనే ఆర్టు విద్యార్థి, స్కేట్ దుకాణంలో పనిచేస్తూ, ఆండ్రే ద జెయింట్ అనే మల్లయోధుడి ముఖంతో ఒక స్టిక్కరు చేశాడు. దాని వెనక ఏ వస్తువూ లేదు, ఏ కంపెనీ లేదు. ఊళ్ళన్నీ అంటించారు. మల్లయోధుడి పేరు వాడొద్దని హక్కుదార్ల నుంచి బెదిరింపు వస్తే, ముఖాన్ని మార్చి, "ఓబే" అన్న మాట పెట్టాడు. 2008లో ఒబామా బొమ్మతో "హోప్" పోస్టరు గీసింది ఇతనే. మనిషీ చెయ్యీ ఉంటే బొమ్మ మారినా, పేరు మారినా పని సాగుతుంది. అదే నా వాదన.

అడగబోయే ప్రశ్నలు, నా జవాబులు

ఒకటి. "అమ్ముకోకపోతే వాన్స్ బతికేదా?" మంచి ప్రశ్న. వాన్స్ 1984లో దివాలాకి వెళ్ళింది. ఎందుకు? పరుగు బూట్లు, కుస్తీ బూట్లు, బ్రేక్ డాన్స్ బూట్లు అంటూ పెద్ద కంపెనీలతో పోటీకి దిగి. పేరుంది కదా, దేని మీదైనా అంటించొచ్చు అనుకుని. పాల్ వాన్ డోరెన్ తిరిగొచ్చి, తమకొచ్చిన బూట్లకే పరిమితమై, అప్పులు తీర్చి ఒడ్డున పడేశాడు. 1988లో కంపెనీ పెట్టుబడిదారులకి అమ్మేశారు. 1990ల్లో కాలిఫోర్నియా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ఆరెంజ్‌లోది 1995లో, విస్టాలోది 1998లో. 2004లో వీఎఫ్ 39.6 కోట్ల డాలర్లకి కొంది. ఆ చేతుల్లో చాలా ఏళ్ళు బాగా పెరిగింది, ఒప్పుకుంటాను. ఏడాది అమ్మకాలు 400 కోట్ల డాలర్లు దాటాయి కూడా. ఆపైన? 2022 నుంచి రెండేళ్ళలో 300 కోట్ల కిందకి జారింది. గళ్ళ బూటు ప్రతి కాలికీ చేరాక, ఆ కాలు ఇంకో ఫ్యాషన్‌కి వెళ్ళిపోయింది. ఫ్యాషన్‌గా వచ్చినవాడు ఫ్యాషన్‌గానే పోతాడు. బొక్క పడి మళ్ళీ కొనేవాడు మాత్రం ఎక్కడికీ పోడు.

రెండు. "స్థాపించినవాళ్ళే డబ్బు కోసం అమ్ముకుంటే మధ్యలో నీకేంటి నొప్పి?" వాళ్ళు అమ్ముకోవడం మీద నాకు ఆక్షేపణ లేదు. కష్టపడ్డారు, తీసుకున్నారు. కానీ ఆ పేరుకి విలువ తెచ్చింది వాళ్ళొక్కరే కాదు. కత్తెరతో బూటు కోసి డిజైన్ చూపించిన అనామక కుర్రాళ్ళు, స్టిక్కర్లు ఊరంతా అంటించిన పిల్లలు, ఆరెంజ్ ఫ్యాక్టరీలో రబ్బరు అతికించిన చేతులు. లెక్కల్లో వాళ్ళు ఎక్కడా లేరు. పేరే ఆస్తి అన్నప్పుడు, చేసినవాళ్ళు ఖర్చు ఖాతాలోకి పోతారు. ఆ సూక్తిలో ఉన్న అసలు విషం ఇదే.

మూడు. "ఇది అన్ని వ్యాపారాల్లోనూ ఉన్నదే." అవును, అందుకే రాస్తున్నాను. 2016 తర్వాత నోకియా పేరుతో వచ్చిన ఫోన్లు చేసింది హెచ్‌ఎండీ అనే వేరే కంపెనీ. మనవాళ్ళు ఎంతమంది "నోకియా కదా, గట్టిగా ఉంటుంది" అని కొన్నారు? పాయింటరు అదే, చూపించే చోటు వేరు.

మన గడపలో

ఇక హైదరాబాదుకి వద్దాం. మన తరం తెలుగు ఐటీ వాళ్ళెవరికీ 2009 జనవరి 7 గుర్తుచెయ్యక్కర్లేదు. ఆ రోజు రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. ఒక్కరోజులో సత్యం అన్న పేరు, తెలుగువాళ్ళు పెళ్ళి సంబంధాల్లో గర్వంగా చెప్పుకున్న పేరు, నోటికి చేదయింది. "పేరే సర్వస్వం" అన్న సూక్తి ప్రకారం ఆ రోజుతో అంతా అయిపోవాలి. పేరు మిగల్లేదు, పరువు మిగల్లేదు, లెక్కలే అబద్ధం.

జరిగిందేమిటి? ఆ తర్వాతి వారాల్లో జీతం వస్తుందో రాదో తెలియకుండా, వేలమంది పొద్దున లేచి, ఆఫీసుకెళ్ళి, క్లయింటు సర్వర్లు పడిపోకుండా చూసుకున్నారు. అర్ధరాత్రి కాల్స్ ఎత్తారు. రిలీజులు చేశారు. కొందరు క్లయింట్లు పోయారు, చాలామంది ఉండిపోయారు. ఉండిపోయింది పేరుని చూసి కాదు, తమ సిస్టమ్ తెలిసిన మనిషిని చూసి. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వేలంలో గెలుచుకుంది. కొద్ది నెలలు తిరక్కుండా అది మహీంద్రా సత్యం అయింది, 2013లో విలీనంతో సత్యం అన్న మాటే బోర్డు మీద లేకుండా పోయింది. పని మాత్రం ఆగలేదు.

పక్కపక్కన పెట్టి చూడండి. ఎయిర్‌వాక్‌లో పేరు మిగిలింది, పని పోయింది. సత్యంలో పేరు పోయింది, పని మిగిలింది. రెండింటిలో ఏది బతికినట్టు? ఏది శవానికి ముస్తాబు?

సత్యంలో బాధపడినవాళ్ళు లేరని కాదు. ఉద్యోగాలు పోయినవాళ్ళున్నారు, షేర్లలో దాచుకున్నది ఆవిరైనవాళ్ళున్నారు. ఆ గాయాన్ని నేను తక్కువ చెయ్యను. కానీ ఆ రోజుల్లో కంపెనీని నిలబెట్టింది స్లైడులోని సూక్తి కాదు, క్యూబికల్‌లో కూర్చున్న మనిషి. ఈ ముక్క చరిత్రలో సరిగ్గా రాయలేదని నా ఫిర్యాదు. అంతా కొత్త యాజమాన్యం ఘనతగా, ప్రభుత్వ బోర్డు ఘనతగా చెప్పుకున్నారు. వాళ్ళ ఘనత వాళ్ళకుంది, కాదనను. సపోర్టు కాల్ ఎత్తినవాడి పేరు ఎక్కడుంది?

స్కేట్ బూట్ల లోకంలో ఒక ఆశ ఇంకా ఉంది. పెద్ద పేర్లు అద్దెకెళ్ళిన ప్రతిసారీ, ఎవడో ఒక స్కేటర్ మళ్ళీ మొదటినుంచి మొదలెడతాడు. మైక్ కారల్, రిక్ హోవర్డ్ 1999లో లకాయ్ పెట్టారు. ఈమధ్య స్వీడన్ స్కేటర్ పోంటస్ అల్వ్ లాస్ట్ రిసార్ట్ అని సాదాసీదా బూట్లతో వచ్చాడు. మొదలెట్టినప్పుడు పేరు లేదు, వారసత్వం లేదు. బూటుంది, దాన్ని చింపి చూపించేవాళ్ళున్నారు. స్టిక్కరు తర్వాత దానంతటదే వచ్చింది.

కాబట్టి ఈసారి ట్రైనింగులో ఆ స్లైడు వచ్చినప్పుడు చెయ్యెత్తండి. మూడే ప్రశ్నలు అడగండి. ఈ పేరు వెనక ఇవాళ పని చేస్తున్నది ఎవరు? వాళ్ళు వాడేవాడి మాట వింటున్నారా? రేపు పేరు అమ్మేస్తే వాళ్ళకేమవుతుంది? మీ ల్యాప్‌టాప్ మూత మీద ఉన్న ప్రతి స్టిక్కరుకీ ఇవే ప్రశ్నలు వేసుకోండి. జవాబున్న వాటిని ఉంచండి. లేనివాటిని గోరుతో గీకి పారెయ్యండి. జిగురు మరక కాసేపు ఉంటుంది, కొబ్బరినూనె రాస్తే పోతుంది.

సూక్తి మీద నమ్మకం ఉన్న మేనేజరు మహాశయులు వచ్చి నన్ను కడిగెయ్యొచ్చు. ఒక్కటే షరతు. పేరొక్కటే మిగిలి, మనుషులంతా పోయి, ఆ తర్వాత మళ్ళీ పాత పని పాత నాణ్యతతో చేసిన కంపెనీ ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, ఉదాహరణగా పట్టుకురండి. సమోసాలు నావి.